పేరు దొంగల బారినుండి పంట సొమ్మును కాపాడుకొనుట

కోత కోసి, కుప్ప నూర్చి, ధాన్యము ఇల్లు చేరువరకు రైతుకు కంటిమీద కునుకుండదు. పశువులు పడకుండ చేనికి కంచె వేయును. ఎలుకలు తినకుండ గాదెను అలికి మూయును. కాని ఈనాడు పంట సొమ్ములో చాల భాగము గాదెలోనికి గాక బ్యాంకు ఖాతాలోనికి వచ్చుచున్నది. ధాన్యము అమ్మిన డబ్బు, పి.ఎం. కిసాన్ సహాయము, పంటల బీమా పరిహారము, ఇవన్నియు ఖాతాలకే జమ యగుచున్నవి.

ఈ క్రొత్త గాదెకు ఇనుప తాళము లేదు. మీ పేరు, మీ ఆధార్ సంఖ్య, మీ వేలిముద్ర, మీ సెల్‌ఫోను, ఇవియే దాని తాళపుచెవులు. వీనిని చేజిక్కించుకొన్నవాడు మీ ఇంటికి కన్నము వేయనక్కరలేదు. మీరే అయినట్లు నటించి మీ సొమ్ము తీసికొనును. మీ పేర అప్పు చేయును. మీ పేర సిమ్ కార్డు తీసి పరులను మోసగించును. దీనిని పేరు దొంగతనము అనవచ్చును. చీడను గుర్తించుట, రాకుండ చూచుట, వచ్చిన పిదప అరికట్టుట పంటకు ఎట్లో దీనికిని అట్లే. ఆ వరుసలోనే ఈ వ్యాసమున వివరించుచున్నాము.

ఇది పాత దొంగతనమే

ఒకరి భూమిని మరియొకరు తమదని చెప్పి వ్రాయించియిచ్చుట మన దేశములో పాత మోసమే. దీనికి విరుగుడుగానే వేలిముద్ర వచ్చినది. 1858లో బెంగాలులో విలియం హెర్షెల్ అను ఆంగ్లేయ అధికారి ఒక గుత్తేదారుచే ఒప్పంద పత్రముపై అరచేతి ముద్ర వేయించెను. 1877లో హుగ్లీ జిల్లాలో దస్తావేజుల రిజిస్ట్రేషనుకు వేలిముద్ర తీసికొను పద్ధతిని ప్రవేశపెట్టెను. సంతకము ఎవరైనను అనుకరింపగలరు గాని వేలిముద్రను అనుకరింపలేరు అని ఆనాటి నమ్మకము. మన తాతలు, తండ్రులు దస్తావేజులపై వేసిన ముద్రలన్నియు ఆ నమ్మకముతో వేసినవే.

ఆ నమ్మకము ఈనాడు పూర్తిగా నిలువదు. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో పోలీసులు ఒక కేసును బయటపెట్టిరి. సిమ్ కార్డులు అమ్ము వ్యక్తి యొకడు, కంప్యూటరులో అందరికీ కనబడునట్లున్న భూమి దస్తావేజులనుండి వేలిముద్రలను, ఆధార్ సంఖ్యలను సేకరించి, నకిలీ ముద్రలు తయారుచేసి, ఆ రైతుల పేర వేలకొలది సిమ్ కార్డులను తీసినట్లు తేలినది. మోసమును ఆపుటకు దస్తావేజుపై వేసిన ముద్రయే మోసమునకు ముడిసరుకైనది.

వేలు మన దగ్గరే ఉన్నను డబ్బు పోవుట ఎట్లు?

ఒక వృద్ధ రైతు మా కార్యాలయమునకు వచ్చి, ధాన్యము అమ్మిన సొమ్ములో 30,000 రూపాయలు ఖాతాలో లేవని చెప్పెను. మూడు దినములలో దినమునకు 10,000 చొప్పున తీసినట్లు పాస్‌పుస్తకములో ఉన్నది. ఆయనకు ఏటీఎం కార్డు లేదు. “నేనెవరికీ ఏ నెంబరూ చెప్పలేదు సారూ. నా వేలు నా దగ్గరే ఉంది కదా, డబ్బెట్లా పోయింది?” అని అడిగెను. ఖాతాకు జతచేసిన ఫోను నెంబరు ఆయన కుమారుడు ఎన్నడో వదలివేసినది. అందుచేత సందేశములు రాలేదు. ఎరువులు కొనుటకు బ్యాంకుకు పోయిన దినమున గాని సంగతి తెలియలేదు. అప్పటికి ఇరువది దినములు గడచినవి.

ఆయన ప్రశ్నకు జవాబు ఇది. గ్రామములో వేలిముద్ర యంత్రము పెట్టుకొని డబ్బు ఇచ్చు బ్యాంకు ప్రతినిధుల పద్ధతిని మీరందరు చూచియుందురు. దీనికి ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర, ఈ మూడు చాలును. కార్డు అక్కరలేదు, రహస్య సంఖ్య అక్కరలేదు, ఫోనుకు వచ్చు ఓటీపీయు అక్కరలేదు. బ్యాంకు లేని ఊళ్లలో వృద్ధులకు, చదువురానివారికి ఇది గొప్ప మేలు. కాని ఆ మూడును దొంగకు దొరికిన యెడల, మీరు ఇంట నిద్రించుచుండగనే మీ సొమ్ము వేరొక ఊరిలో తీయబడవచ్చును. యంత్రములు నకిలీ ముద్రలను పట్టుకొనునట్లు ఆధార్ సంస్థ 2023లో క్రొత్త కట్టుదిట్టములు చేసినది. అయినను రైతు తన జాగ్రత్తను మానకూడదు.

ఒక ముఖ్య విషయము గమనింపుడు. రహస్య సంఖ్య బయటపడిన యెడల మార్చుకొనవచ్చును. ఏటీఎం కార్డు పోయిన యెడల క్రొత్తది తీసికొనవచ్చును. వేలు మాత్రము మార్చుకొనుటకు వీలులేదు. కావున వేలిముద్రకు తాళము వేయుట ఒక్కటే మార్గము.

చీడ ప్రవేశించు దారులు

1. జిరాక్సు కాగితములు: ఆధార్, పాస్‌పుస్తకము, పట్టాదారు పుస్తకము నకళ్లను అడిగిన ప్రతివారికి ఇచ్చుట. చెడిపోయిన నకలును దుకాణములోనే వదలుట. ఫోను ద్వారా పంపిన ప్రతిని దుకాణపు కంప్యూటరులో ఉంచివేయుట.

2. వేలిముద్ర యంత్రము: “ముద్ర పడలేదు, మరల పెట్టుము” అని రెండు మూడు మారులు వేలు పెట్టించి, ఒకసారి డబ్బు ఇచ్చి రెండుసార్లు తీయుట.

3. ఫోనుకు వచ్చు ఫైళ్లు: పి.ఎం. కిసాన్, బ్యాంకు, రుణమాఫీ, కరెంటు బిల్లు వంటి పేర్లతో వాట్సాప్‌లో ‘ఏపీకే’ అను ఫైలు వచ్చును. దానిని నొక్కి ఫోనులోనికి ఎక్కించుకొన్నచో మీకు వచ్చు సందేశములన్నియు దొంగ చదువగలడు. మీరు ఓటీపీ చెప్పకపోయినను వానికి చేరును.

4. ఫోను మాటలు: “మీ విడత ఆగినది, వివరములు చెప్పిన వెంటనే పడును” అని అధికారివలె మాటలాడుట.

5. ఖాతా అద్దె: “నీ పాస్‌పుస్తకము, కార్డు, సిమ్ కొద్దికాలము ఇమ్ము, కొంత సొమ్ము ఇత్తును” అని యువకులకు ఆశచూపుట. దొంగిలించిన సొమ్మును ఆ ఖాతాల గుండా దాటింతురు. పోలీసులు మొదట వచ్చునది ఖాతాదారుని ఇంటికే. మీ పిల్లలకు ఈ మాట తప్పక చెప్పవలెను.

ముందు జాగ్రత్తలు

వేలిముద్రకు తాళము వేయుడు. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో గాని, ఆ సంస్థ యాప్‌లో గాని ‘బయోమెట్రిక్ లాక్’ అను సదుపాయము కలదు. దీనికి రుసుము లేదు. తాళము వేసిన పిదప మీ ముద్రతో ఎవ్వరును, మీరు కూడ, డబ్బు తీయలేరు. రేషను తీసికొనునపుడు గాని, ఈ-కేవైసీ చేయించునపుడు గాని కొద్దిసేపు తెరచి మరల మూసికొనవచ్చును. దీనికి మీ ఫోను నెంబరు ఆధార్‌కు జతయై ఉండవలెను. జత చేయని యెడల ముందుగా ఆధార్ కేంద్రమునకు పోయి ఆ పని చేయించుకొనుడు. సందేహములకు 1947 నెంబరుకు ఫోను చేయవచ్చును. నెలకు రెండు మూడు మారులు వేలిముద్రతో డబ్బు తీయు వృద్ధులకు ఇది కొంత ఇబ్బందియే. ఇంటిలోని చదువుకొన్నవారు తోడ్పడవలెను.

ఆధార్ నకలు ఇయ్యవలసి వచ్చినపుడు, మొదటి ఎనిమిది అంకెలు కనబడకుండ, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడు ప్రతిని ఇయ్యవచ్చును. ‘మాస్క్‌డ్ ఆధార్’ అను ఈ ప్రతిని ఆధార్ వెబ్‌సైటునుండియే పొందవచ్చును. పూర్తి సంఖ్య తప్పనిసరియైన చోట, నకలుపై అడ్డముగా “ఫలానా పనికి మాత్రమే” అని వ్రాసి, తేదీ వేసి, సంతకము చేయుడు. విత్తన రాయితీకి ఇచ్చిన కాగితము సిమ్ కార్డుకు పనికిరాకుండ ఈ గీత కొంత అడ్డుపడును.

వేలిముద్ర యంత్రము వద్ద వేలు పెట్టుటకు ముందు తెరపై ఎంత మొత్తము వ్రాసిరో చూడుడు. చదువురానివారు తోడు తీసికొనిపోవలెను. ముద్ర పడలేదని చెప్పినను రసీదు అడుగుడు. రసీదు లేకుండ రెండవసారి వేలు పెట్టకూడదు.

వెబ్‌సైటు పేరును చివరనుండి చూచుట అలవరచుకొనుడు. ప్రభుత్వ వెబ్‌సైటుల పేర్లు సాధారణముగా ‘గవ్ డాట్ ఇన్’ అని ముగియును. పి.ఎం. కిసాన్ వెబ్‌సైటు ‘పీఎంకిసాన్ డాట్ గవ్ డాట్ ఇన్’. మధ్యలో పి.ఎం. కిసాన్ అని ఉండి చివర మరేదో ఉన్నచో అది నకిలీ అని అనుమానింపవలెను. ఏ పథకమునకైనను వాట్సాప్‌లో వచ్చిన ఫైలును ఫోనులోనికి ఎక్కింపకూడదు.

యూపీఐ రహస్య సంఖ్య డబ్బు పంపుటకే గాని పుచ్చుకొనుటకు అక్కరలేదు. “మీకు డబ్బు పడుటకు పిన్ నొక్కుడు” అని ఎవరైన చెప్పినచో వాడు దొంగయని ఎరుగుడు.

ఓటీపీ విషయమై ఒక మాట

“ఓటీపీ ఎవ్వరికిని చెప్పకూడదు” అని బ్యాంకులు, పోలీసులు చెప్పుచున్నారు. కాని ఈ-కేవైసీ పనులకు మా వంటి ప్రభుత్వ సిబ్బందియే “ఓటీపీ వచ్చినదా, చెప్పండి” అని రైతులను అడుగుట కలదు. పని త్వరగా జరుగవలెనని ఈ అలవాటు మేమే చేసితిమి. నిన్న అధికారికి చెప్పినవాడు నేడు అధికారివలె మాటలాడు దొంగకును చెప్పును. రైతును తప్పుపట్టి లాభము లేదు.

కావున ఈ నియమము పాటింపుడు. ఫోనులో అడిగినచో ఎవ్వరైనను సరే, ఓటీపీ చెప్పకూడదు. కార్యాలయములో ఎదుట కూర్చుండి అడిగినచో, వచ్చిన సందేశమును పూర్తిగా చదువుడు, లేదా చదివించుకొనుడు. అది ఏ సంస్థనుండి వచ్చినది, ఏ పనికి వచ్చినది తెలిసికొనుడు. మీరు వచ్చిన పనికే అయినచో మీ చేతితో మీరే అంకెలు నొక్కుడు. ఏ అధికారియు దీనికి కోపగించుకొనకూడదు.

చీడ సోకినట్లు తెలుపు గుర్తులు

• మీరు తీయని సొమ్ము తీసినట్లు సందేశము వచ్చుట.
• మీ ఫోనుకు గంటలకొలది సిగ్నలు లేకపోవుట, పక్కవారి ఫోనుకు మాత్రము ఉండుట. మీ నెంబరుతో ఎవరో క్రొత్త సిమ్ తీసియుండవచ్చును.
• మీరు అడుగని ఓటీపీలు వరుసగా వచ్చుట.
• మీరు తీసికొనని అప్పునకు వసూలుదారులు ఫోను చేయుట.
• పంట రుణమునకు పోయినపుడు “మీ పేర పాత బాకీ కలదు” అని బ్యాంకువారు చెప్పుట.
• అడంగల్, 1బి, పహాణీలలో గాని, పంట నమోదులో గాని మీ సర్వే నెంబరు ఎదుట తెలియని పేరు కనబడుట.

ఈ గుర్తులు వానంతట అవి కనబడువరకు వేచియుండకూడదు. వెతకుటకు మార్గములు కలవు. మీ పేర ఎన్ని సిమ్ కార్డులు నడచుచున్నవో ‘సంచార్ సాథీ’ అను కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటులో చూడవచ్చును. ఈ సదుపాయము 2021లో మొదట ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోనే ప్రారంభమైనది. మీది కాని నెంబరును అక్కడనే తొలగింపుమని కోరవచ్చును. మీ పేరగల అప్పుల జాబితాను సిబిల్ మొదలగు నాలుగు సంస్థలు ఉంచును. రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారము ఒక్కొక్క సంస్థ సంవత్సరమునకు ఒకసారి పూర్తి జాబితాను ఉచితముగా ఇయ్యవలెను. మీ ఆధార్‌ను ఎక్కడెక్కడ వాడిరో ఆధార్ వెబ్‌సైటులో గత ఆరు నెలల వివరములు చూడవచ్చును. భూమి వివరములను ఆంధ్రప్రదేశ్‌లో ‘మీ భూమి’, తెలంగాణలో ‘భూ భారతి’ వెబ్‌సైటులలో చూచుకొనవచ్చును. ఈసీ తీయించిన యెడల మీకు తెలియకుండ రిజిస్ట్రేషను గాని, రిజిస్టరైన తనఖా గాని జరిగినదో లేదో తెలియును.

సొమ్ము పోయిన పిదప చేయవలసినవి

మొదటి గంటయే ముఖ్యము. దొంగిలించిన సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు త్వరత్వరగా పోవును. దారిలో ఉండగా పట్టినచో నిలుపుటకు అవకాశము కలదు. నగదుగా తీసిన పిదప కష్టము.

మొదట, 1930 నెంబరుకు ఫోను చేయుడు. ఇది సైబర్ నేరములకు దేశమంతటికి ఒకటే నెంబరు. పోయిన మొత్తము, తేదీ, సమయము, బ్యాంకు పేరు, సందేశములోని లావాదేవీ సంఖ్య దగ్గర ఉంచుకొని చెప్పుడు. వారిచ్చు ఫిర్యాదు సంఖ్యను వ్రాసికొనుడు. ‘సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్’ లో కూడ ఫిర్యాదు చేయవచ్చును.

రెండవది, బ్యాంకుకు ఫోను చేసి ఖాతానుండి చెల్లింపులు ఆపించుడు. మరునాడు వ్రాతపూర్వకముగా ఫిర్యాదు ఇచ్చి, నకలుపై ముద్ర వేయించుకొనుడు. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వులో, బ్యాంకు తప్పుగాని ఖాతాదారుని తప్పుగాని లేక మూడవవాని వలన సొమ్ము పోయినపుడు, బ్యాంకు సందేశము అందిన తరువాత మూడు పనిదినములలో తెలిపిన ఖాతాదారునిపై నష్టము పడరాదని చెప్పినది. ఖాతాదారుడు తానే రహస్య సంఖ్య చెప్పినను, అతడు బ్యాంకుకు తెలిపిన తరువాత జరిగిన నష్టము బ్యాంకుదే. పై వృద్ధ రైతుకు ఇరువది దినములు ఎంత నష్టము చేసెనో దీనినిబట్టి తెలియును. అందుకే ఖాతాకు వాడుకలోనున్న ఫోను నెంబరు జతచేయించుట అన్ని జాగ్రత్తలలో మొదటిది.

మూడవది, వేలిముద్రకు వెంటనే తాళము వేయుడు. నాలుగవది, సమీప పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేయుడు. ఇతరుల రహస్య సంఖ్యను, గుర్తింపును మోసముతో వాడుట సమాచార సాంకేతిక చట్టము 66-సి సెక్షను క్రింద నేరము. మూడేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా కలవు. బ్యాంకు 30 దినములలో జవాబు ఇయ్యకున్నను, ఇచ్చిన జవాబు తృప్తికరముగా లేకున్నను రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. దీనికి ఖర్చు లేదు.

సిగ్గుపడి దాచుకొనుట మంచిది కాదు. మోసపోయితినని నలుగురిలో నవ్వుదురని చాలమంది చెప్పరు. మీరు దాచిన సంగతి మీ ఊరిలో మరియొకనికి అపాయము.

గ్రామాధికారులకు మనవి

ఒకనాడు సంతలో నేను కొన్న మిరపకాయ బజ్జీల పొట్లము విప్పగా, అది ఒక రైతు దరఖాస్తు నకలు. ఆధార్ సంఖ్య, ఖాతా సంఖ్య, వేలిముద్ర మూడును దానిపై ఉన్నవి. ఆ కాగితము ఏదో కార్యాలయమునుండి పాతకాగితముల బరువుకు అమ్మబడినది. రైతు ఎంత జాగ్రత్తగా ఉన్నను, అతడు మనకిచ్చిన కాగితమును మనము కాపాడని యెడల ఫలితము లేదు.

ఆధార్ చట్టము 29వ సెక్షను ప్రకారము ఒకరి ఆధార్ సంఖ్యను బహిరంగముగా ప్రదర్శించుట కూడదు. లబ్ధిదారుల జాబితాలను నోటీసు బోర్డుపై అతికించునపుడు చివరి నాలుగు అంకెలు మాత్రమే ఉంచవలెను. జాబితాల ఫోటోలను వాట్సాప్ గుంపులలో పెట్టకూడదు. దరఖాస్తులను తాళముగల బీరువాలో ఉంచవలెను. గడువు తీరినవానిని నియమము ప్రకారము చించి నాశనము చేయవలెను గాని పాతకాగితములవానికి వేయకూడదు. పనికి అక్కరలేని నకలును అడుగనే కూడదు.

పంట పనులతోపాటు చేయవలసిన పనులు

నెల నెల: పాస్‌పుస్తకములో లెక్కలు వేయించి, మీరు తీయని సొమ్ము ఉన్నదేమో చూడుడు.
తొలకరికి ముందు: పట్టా వివరములు, ఖాతాకు ఆధార్‌కు జతయైన ఫోను నెంబరు సరిచూడుడు.
పంట నమోదు కాలములో: మీ సర్వే నెంబరు ఎదుట మీ పేరే ఉన్నదని చూచి రసీదు తీసికొనుడు.
పంట సొమ్ము జమయగు కాలములో: వేలిముద్ర తాళము వేసియున్నదని చూడుడు.
ఉగాదికి ఒకసారి: అప్పుల జాబితా, సిమ్ కార్డుల జాబితా చూడుడు.

దీనికంతకు సంవత్సరములో ఒక పూట పని. గట్టు తెగిన పిదప నీరు ఆపుటకన్న, చీమరంధ్రము కనబడినపుడే పిడికెడు మట్టి వేయుట తేలిక. ఈ వ్యాసము చదివిన ప్రతివారును ఈ వారములో తమ వేలిముద్రకు తాళము వేసి, చదువురాని ఇరుగుపొరుగువారిలో ఇద్దరికైన ఆ పని చేసిపెట్టవలెనని కోరుచున్నాము.